కంపెనీ స్టిక్కరు, ఇంట్లో కట్టిన కంప్యూటరు: చవక విండోస్ లోగుట్టు

అసెంబుల్డ్ పీసీకి కొటేషన్ అడిగితే షాపువాళ్లు చీటీ మీద వరసగా రాసిస్తారు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే పెట్టె), క్యాబినెట్. ఒక్కోదానికీ ఎదురుగా ధర, పక్కన వారంటీ ఎన్నేళ్లో. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఆ చీటీ పట్టుకుని నాలుగు షాపులు తిరిగి, ర్యామ్ దగ్గర రెండొందలు, క్యాబినెట్ దగ్గర మూడొందలు తగ్గించుకునేవాళ్లు కూడా ఒక వరస సంగతి మరిచిపోతారు. అది చీటీలోనే ఉండదు మరి. విండోస్‌కి ఎంతవుతుందన్న ఆలోచన డబ్బులన్నీ అయిపోయాక, మిషన్ ఇంటికొచ్చాక మొదలవుతుంది.

అప్పుడు నెట్‌లో వెతికితే మూడు మెట్లుగా ధరలు కనిపిస్తాయి. అమెరికాలో మైక్రోసాఫ్ట్ సొంత స్టోర్‌లో విండోస్ 11 హోమ్ 139 డాలర్లు, ప్రో దాదాపు 200 డాలర్లు. అది పై మెట్టు. దాని కింద ‘ఓఈఎం’ (కంప్యూటర్ తయారుచేసేవాళ్ల కోసం ఇచ్చే రకం) అని రాసి ఉన్న ప్యాక్, కాస్త చవక. ఇంకా కిందికి దిగితే కొన్ని వందల రూపాయలకే ఈమెయిల్‌లో వచ్చి పడే కీ. ‘డెల్ ఓఈఎం’, ‘హెచ్‌పీ ఓఈఎం’, ‘ఒరిజినల్ స్టిక్కర్’ అనే మాటలు ఈ చివరి మెట్టు మీదే ఎక్కువగా వినిపిస్తాయి.

మూడింటితోనూ మిషన్‌లోకి ఎక్కేది ఒకే విండోస్. తేడా ఉన్నదల్లా ఆ 25 అక్షరాల కీ వెనక ఎవరు ఎవరితో ఏ ఒప్పందం చేసుకున్నారన్న దాంట్లోనే. చవక కీ కొనేవాళ్లు మొదట అడిగేది ‘యాక్టివేట్ అవుతుందా?’ అని. చాలాసార్లు అవుతుంది. ఆ జవాబు చెప్పేది మైక్రోసాఫ్ట్ సర్వరు. ఆ కంప్యూటర్లో ఆ విండోస్ వాడుకునే హక్కు మనకుందా అన్న ప్రశ్నకి మాత్రం సర్వరు జవాబు చెప్పదు. అది ఒప్పందం కాగితంలో చూసుకోవాలి. ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అనుకోవడం దగ్గరే ఈ బేరం దారి తప్పుతుంది.

డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి కంపెనీలు కంప్యూటర్లని లక్షల్లో తయారుచేస్తాయి. మైక్రోసాఫ్ట్‌తో టోకున ఒప్పందం చేసుకుంటాయి కాబట్టి వాళ్లకి విండోస్ చిల్లర ధర కంటే చాలా తక్కువకి పడుతుంది. ఆ తగ్గింపు వెనక రెండు షరతులుంటాయి. విండోస్‌లో ఏ ఇబ్బంది వచ్చినా కస్టమర్‌కి సమాధానం చెప్పుకోవాల్సింది ఆ కంప్యూటర్ కంపెనీయే, మైక్రోసాఫ్ట్ కాదు. రెండోది ముఖ్యమైనది: ఆ లైసెన్సు ఏ మిషన్‌తో పుట్టిందో ఆ మిషన్‌తోనే పోవాలి. విండోస్ 10 ఒప్పందంలో ఇది స్పష్టంగానే ఉంది. ముందే వేసి ఇచ్చిన విండోస్‌ని ఇంకొకరికి ఇవ్వాలంటే కంప్యూటర్‌తో కలిపే ఇవ్వాలి. విడిగా కొన్న రీటైల్ విండోస్‌కి ఆ ముడి లేదు. పాతదాంట్లోంచి తీసేసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు.

మరి ‘మిషన్’ అంటే ఏది? మైక్రోసాఫ్ట్ లెక్కలో మదర్‌బోర్డే మిషన్. ర్యామ్ మార్చినా, హార్డ్ డిస్క్ మార్చినా, గ్రాఫిక్స్ కార్డు మార్చినా ఓఈఎం లైసెన్సు చెక్కుచెదరదు. బోర్డు పాడైతే అదే రకం బోర్డు వేయించుకోవడానికీ ఒప్పుకుంటారు. మెరుగైన బోర్డు కావాలని మార్చితే మాత్రం అది కొత్త కంప్యూటరు కిందే లెక్క, పాత ఓఈఎం లైసెన్సు అక్కడితో సరి.

బ్రాండెడ్ డెస్క్‌టాప్ కొన్నవాళ్లకి ఈ నియమం ఎప్పుడూ అడ్డు రాదు. వాళ్లు బోర్డు మార్చరు, మిషనే మార్చేస్తారు. ఇంట్లో కట్టుకునేవాళ్ల పద్ధతి వేరు. క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్, డిస్కులు ఉంచేసి లోపలి గుండెకాయ మార్చుకుంటూ పోవడమే ఇందులో ఉన్న సుఖం. ఏఎండీ ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) మీద రైజెన్ ప్రాసెసర్‌తో ఏళ్ల తరబడి నెట్టుకొచ్చిన మనిషి, 2022లో వచ్చిన రైజెన్ 7000 వరసకి మారాలంటే ఏఎం5 బోర్డు కొనక తప్పదు, ర్యామ్ కూడా డీడీఆర్5 కావాలి. అదే రోజు ఓఈఎం విండోస్ కూడా మళ్లీ కొనాలన్నమాట. చవకగా వచ్చిందని సంబరపడ్డ తేడా సొమ్ము ఒక్క అప్‌గ్రేడ్‌తో హరించుకుపోతుంది. ఎవరి కొలతలకో కుట్టిన చొక్కా తొడుక్కుంటే చేతులెత్తినప్పుడు తెలుస్తుంది కదా, ఇదీ అంతే.

కంపెనీ విండోస్ బయటి మిషన్లోకి జారిపోకుండా చూడటానికి మైక్రోసాఫ్ట్ ఇరవై ఏళ్లుగా వేసిన తాళాల కథ బాగుంటుంది. ఇప్పటి చవక కీల వ్యాపారం పుట్టింది కూడా ఆ తాళాల సందుల్లోంచే.

2001లో ఎక్స్‌పీ వచ్చినప్పుడు పెద్ద కంపెనీలు తమ పేరు ముద్రించిన సీడీలు ఇచ్చేవి. ఆ సీడీ వేయగానే బయాస్‌లో, అంటే మిషన్ ఆన్ కాగానే మొదట నడిచే బోర్డులోని ప్రోగ్రాంలో, కంపెనీ పేరు ఉందా అని చూసుకునేది. ఉంటే యాక్టివేషన్ అనే మాటే ఎత్తకుండా విండోస్ వచ్చేసేది. అదే సీడీని అసెంబుల్డ్ మిషన్లో వేస్తే యాక్టివేట్ చేయమని పట్టుబట్టేది. అప్పుడు జనం చూపు స్టిక్కరు మీద పడింది. క్యాబినెట్ పక్కనో, ల్యాప్‌టాప్ పొట్ట కిందో అతికించిన ఆ రంగుల చీటీ మీద వేరే కీ ఒకటి ఉండేది. తుక్కుకి పోయే ఆఫీసు కంప్యూటర్ల మీది స్టిక్కర్లకి గిరాకీ మొదలైంది. ల్యాప్‌టాప్ స్టిక్కరైతే ఒళ్లో రుద్దుకుని రుద్దుకుని అరిగిపోయేది. అది 8 అంకెనా, బీ అక్షరమా అని భూతద్దం పెట్టి చూసుకోవాల్సి వచ్చేది.

2005 ఫిబ్రవరి 28 నుంచి పెద్ద కంపెనీల స్టిక్కరు కీలకి ఇంటర్నెట్ యాక్టివేషన్ ఆపేశారు. ఇక ఫోన్ చేయాలి. స్క్రీన్ మీద గుంపులు గుంపులుగా కనిపించే పొడవాటి అంకెల వరసని ఫోన్ కీప్యాడ్ మీద నొక్కుకుంటూ పోవాలి. విండోస్ 10 నాటికి ఆ వరస 63 అంకెలు. అవతల నుంచి చెప్పేది మరో 48 అంకెలు, అవి వింటూ టైప్ చేయాలి. మధ్యలో రికార్డు చేసిన గొంతు ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ కీ ఎన్ని కంప్యూటర్లలో వేశారు? ఒకటి అని నొక్కితే పని జరిగిపోతుంది. అంత పెద్ద కంపెనీ లైసెన్సు వ్యవస్థ అక్కడ ఒక మనిషి మాట మీద నిలబడి ఉండేది.

విస్టా, విండోస్ 7 కాలంలో తాళం మారింది. కంపెనీలు తమ బోర్డుల బయాస్‌లో ఒక గుర్తింపు పట్టిక పెట్టేవి. ఫ్యాక్టరీలో ఆ కంపెనీ మిషన్లన్నింటికీ ఒకే మాస్టర్ కీ వేసేవారు. పట్టిక, కీ జత కుదిరితే మిషన్ యాక్టివేట్ అయినట్టే. మరి స్టిక్కరు మీది కీ? అది ఒక్కో మిషన్‌కి వేరే. యజమాని ఎప్పుడైనా విండోస్ మళ్లీ వేసుకోవాల్సి వస్తే వాడుకోవడానికి ఇచ్చింది. కంపెనీ ఇచ్చిన రికవరీ డిస్కుతోనే (విండోస్ మళ్లీ వేసుకునే డిస్కు) పని జరిగిపోయేది కాబట్టి ఆ కీని చాలామంది మిషన్ జీవితకాలంలో ఒక్కసారి కూడా టైప్ చేయలేదు. అంటే తుక్కులోకి వచ్చిన విండోస్ 7 డెస్క్‌టాప్ మీద వాడని కీ ఒకటి అంటుకుని ఉండేది. సర్వరు దృష్టిలో అది కన్నె కీ. కొత్త మిషన్లో వేస్తే ఇట్టే యాక్టివేట్ అయ్యేది.

దానికి తోడు 2015 జులై 29న విండోస్ 10 వచ్చి, విండోస్ 7, 8.1 వాడేవాళ్లకి ఏడాది పాటు ఉచిత అప్‌గ్రేడ్ ఇచ్చింది. గడువు 2016లో అయిపోయినా పాత విండోస్ 7 కీ వేస్తే విండోస్ 10 యాక్టివేట్ అవుతూనే ఉండేది. 2023 సెప్టెంబరులో గానీ మైక్రోసాఫ్ట్ ఆ దారి మూసేసినట్టు ప్రకటించలేదు. ‘డెల్ విండోస్ 7 ప్రో స్టిక్కరు’ అనే సరుకు ఏళ్ల తరబడి ఆన్‌లైన్‌లో అమ్ముడుపోవడానికి ఇదే కారణం. కొన్నవాళ్లలో చాలామంది విండోస్ 7 వేయనేలేదు.

2012లో విండోస్ 8తో స్టిక్కరు మీద కీ అచ్చు వేయడం మానేశారు. ఒక్కో బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే (బోర్డు చిప్పులో ఉండే ప్రోగ్రాం) ఆ మిషన్‌కి మాత్రమే చెందిన కీ రాసిపెడతారు. అందుకే ఇప్పుడు బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌లో విండోస్ మళ్లీ వేస్తే కీ అడగదు, తనే లోపలి నుంచి చదువుకుంటుంది. చింపుకోవడానికి స్టిక్కరు లేదు గానీ, పాడుబడ్డ బోర్డులోంచి ఆ కీని చదివి అమ్మేవాళ్లున్నారు. తాళం మారిందంతే.

కంపెనీ పేరున్న డిస్కు విలువెంత, లైసెన్సు విలువెంత అన్న తగాదా అమెరికాలో ఒకరిని జైలు దాకా తీసుకెళ్లింది. ఎరిక్ లండ్‌గ్రెన్ కాలిఫోర్నియాలో ఈ-వేస్ట్ రీసైక్లింగ్ వ్యాపారి. పాత డెల్ కంప్యూటర్లని తుక్కు చేయకుండా మళ్లీ వాడకంలోకి తేవాలంటే రికవరీ డిస్కు ఉండాలి, జనం దాన్ని ఎప్పుడో పోగొట్టుకుని ఉంటారు. అందుకని చైనాలో దాదాపు 28,000 డిస్కులు చేయించాడు. వాటి మీద డెల్, విండోస్ గుర్తులు అచ్చు గుద్దించాడు. పాత కంప్యూటర్లు బాగుచేసే షాపులకి ఒక్కోటి 25 సెంట్లకి ఇవ్వాలని ఆలోచన. డిస్కులో కీ లేదు. లోపలున్న సాఫ్ట్‌వేర్ లైసెన్సున్న మిషన్ యజమాని ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోగలిగేదే.

అతను నేరం ఒప్పుకున్నాడు. వాదనంతా వాటి విలువ మీదే నడిచింది. లైసెన్సు లేని డిస్కు విలువ సున్నా అని అతని పక్షం. రీఫర్బిష్ చేసేవాళ్లకి, అంటే పాతవి బాగుచేసి అమ్మేవాళ్లకి, మైక్రోసాఫ్ట్ లైసెన్సుతో కలిపి ఇచ్చే డిస్కు 25 డాలర్లు కాబట్టి దాన్నే కొలతగా తీసుకోవాలని ప్రభుత్వ పక్షం. కోర్టు రెండో లెక్కే పట్టింది: 7 లక్షల డాలర్లు. 15 నెలల జైలు, 50,000 డాలర్ల జరిమానా. 2018 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. గుర్తులు అనుమతి లేకుండా అచ్చు వేయడం తప్పే, అందులో వాదన లేదు. కానీ కీ లేని డిస్కుకి లైసెన్సు ధర కట్టడం మాత్రం, వాడిన సీసాకి మందు ధర కట్టినట్టుంది. ఈ కేసులో మన బేరానికి పనికొచ్చేది ఒకటుంది: ‘ఒరిజినల్ డెల్ డిస్కు’ అని చెప్పి అమ్మితే అందులో మనకి వచ్చే హక్కు ఏమీ ఉండదు. ఇంటి మిషన్ మీద డెల్ డిస్కు అసలు అక్కరకే రాదు.

యూరప్‌లో గాలి వేరుగా వీస్తుంది. ఓఈఎం విండోస్‌ని కంప్యూటర్‌తో కలిపి తప్ప విడిగా అమ్మకూడదన్న షరతుని ఆ తర్వాతి అమ్మకందారుల మీద రుద్దలేమని జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2000 జులై 6న తీర్పిచ్చింది. 2012 జులై 3న యూరోపియన్ యూనియన్ కోర్టు యూజ్డ్‌సాఫ్ట్, ఒరాకిల్ కేసులో ఇంకా ముందుకెళ్లి, శాశ్వత లైసెన్సుతో డౌన్‌లోడ్ చేసుకున్న సాఫ్ట్‌వేర్‌ని కూడా పాత పుస్తకంలా మళ్లీ అమ్ముకోవచ్చంది. జర్మనీలో వాడిన లైసెన్సుల దుకాణాలు బహిరంగంగా నడుస్తున్నాయంటే ఈ తీర్పుల చలవే. ‘ఇది యూరప్ చట్టం ప్రకారం పూర్తిగా లీగల్’ అని చవక కీ అమ్మేవాళ్లు చెప్పేది కూడా వీటినే పట్టుకుని.

వాళ్లు చెప్పకుండా దాటేసే సంగతులు అదే తీర్పులో ఉన్నాయి. మొదటి యజమాని తన దగ్గరున్న కాపీని పనికిరాకుండా చేసి ఉండాలి. వంద మందికని తీసుకున్న లైసెన్సుని ముక్కలు చేసి పది మందికి అమ్మడం కుదరదు. మొదటి అమ్మకం యూనియన్ లోపల జరిగి ఉండాలి. ఈమెయిల్‌లో వచ్చిన కీకి ఈ మూడింటిలో ఒక్కదానికైనా రుజువు అడిగి చూడండి. బర్రె నీళ్లలో ఉండగా బేరమాడటమంటే ఇదే. పైగా ఆ తీర్పులు అక్కడివి. గుంటూరులో కూర్చుని కొన్న కీకి వాటి నీడ పడదు.

మన దగ్గర కాపీరైట్ చట్టం 1957లోని 63బీ సెక్షన్, దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్లో వాడితే కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల జరిమానా అంటుంది. వ్యాపారం కోసం కాకపోతే జైలు లేకుండా 50,000 లోపు జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు కోర్టుకుంది. ఇంట్లో గేమ్స్ ఆడుకునే కుర్రాడి మీద ఈ సెక్షన్ పెడతారని టెన్షన్ పడక్కర్లేదు. డీటీపీ సెంటర్, ఆడిటర్ ఆఫీసు, కోచింగ్ సెంటర్ నడిపేవాళ్లు మాత్రం ఆ ‘వ్యాపారం’ అన్న మాటని ఒకటికి రెండుసార్లు చదువుకోవడం మంచిది. అక్కడ మిగిలే కొన్ని వేల కోసం ఈ రిస్కు దండగ.

ఇక మధ్య మెట్టు మీదున్న ‘సిస్టమ్ బిల్డర్ ఓఈఎం’ సంగతి. ఇది డెల్, హెచ్‌పీ లాంటివాళ్లది కాదు. అసెంబుల్ చేసి అమ్మే చిన్న షాపుల కోసం మైక్రోసాఫ్ట్ పెట్టిన ప్యాక్. ఒకప్పుడు దీన్ని ఏదో ఒక హార్డ్‌వేర్‌తో కలిపి అమ్మితే చాలనేవారు. అప్పట్లో విండోస్‌తో పాటు చిన్న కేబుల్ ముక్క బిల్లులో రాసి ఇచ్చేసిన షాపులుండేవి. తర్వాత పూర్తిగా బిగించిన కంప్యూటర్‌తోనే అమ్మాలన్నారు. విండోస్ 7 నాటి ఒప్పందం ప్రకారం ఆ కంప్యూటర్ని ఇంకొకరికి అమ్మాలి. తనకోసం తనే కట్టుకున్నవాడికి అందులో చోటు లేదు. 2012లో విండోస్ 8 సిస్టమ్ బిల్డర్ ప్యాక్‌లో మాత్రం ‘సొంత వాడకం’ లైసెన్సు కలిపి, ఇంట్లో కట్టుకునేవాళ్లని మొదటిసారి మనుషులుగా గుర్తించారు. ఆ ముచ్చట ఎంతో కాలం సాగలేదు. ఇప్పుడు కూడా షాపువాడు మిషన్ బిగించి, ఈ ప్యాక్ వేసి, బిల్లులో రాసి ఇస్తే అది సక్రమమైన దారే. అప్పుడు ఒప్పందం ప్రకారం సపోర్ట్ బాధ్యత కూడా ఆ షాపుదే, ఆ విషయం షాపుకి గుర్తుందో లేదో అడగాలి.

కొన్ని వందల రూపాయల కీలు ఎక్కడివి? కంపెనీలు, కాలేజీలు ఒకేసారి వందల మిషన్లకి తీసుకున్న వాల్యూమ్ కీలు బయటికి జారినవి కొన్ని. డెవలపర్ల సబ్‌స్క్రిప్షన్లలో వచ్చినవి కొన్ని. తుక్కు బోర్డులవి కొన్ని. దొంగ కార్డులతో కొన్నవీ ఉంటాయి. కొన్నవాడికి ఏది వచ్చిందో తెలుసుకునే మార్గం విండోస్‌లోనే ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎస్ఎల్ఎంజీఆర్’ అనే ఐదు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ‘డీఎల్ఐ’ అని టైప్ చేస్తే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఛానెల్ అన్న మాట పక్కన రీటైల్ అని ఉంటే విడిగా కొన్న రకం. ‘ఓఈఎం_డీఎం’ అంటే ఏదో కంపెనీ బోర్డు కోసం పుట్టిన కీ; ఇంట్లో కట్టిన మిషన్ మీద అది కనిపిస్తే ఎక్కడిదో ఊహించుకోవచ్చు. ‘వాల్యూమ్_ఎంఏకే’ అంటే ఏదో సంస్థ కోటాలోది. ‘వాల్యూమ్_కేఎంఎస్‌క్లయింట్’ అని వస్తే ఇంకా అన్యాయం: సంస్థ సర్వరుతో 180 రోజుల్లోపు మళ్లీ మాట్లాడకపోతే యాక్టివేషన్ ఊడిపోతుంది. శాశ్వతం అని చెప్పి అమ్మిన కీ ఆరు నెలల తర్వాత మొరాయించడం వెనక తరచుగా ఉండేది ఇదే. అప్పటికి అమ్మినవాడి పేజీ కూడా ఉండదు.

నిజాయతీగా కొనాలనుకునేవాళ్లకి గుర్తు సులువు: పేరున్న అమ్మకందారు, 18 శాతం జీఎస్టీ వేసిన బిల్లు, అందులో ఉత్పత్తి పేరు. బోర్డులు మార్చే అలవాటున్నవాళ్లకి రీటైలే చివరికి చవక. దాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి ముడివేసుకుంటే, బోర్డు మార్చాక సెట్టింగ్స్‌లోని ట్రబుల్‌షూటర్‌లో ‘హార్డ్‌వేర్ మార్చాను’ అని చెప్పి మళ్లీ యాక్టివేట్ చేసుకోవచ్చు. ఒకటి గుర్తుండాలి: ఓఈఎం విండోస్ 7 మీద ఉచితంగా వచ్చిన విండోస్ 10 కూడా ఓఈఎమ్మే, అప్‌గ్రేడ్ అయినంత మాత్రాన దాని కులం మారదు.

డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే ఉబుంటు, మింట్ లాంటి లినక్స్‌లు ఉచితం, తెలుగు టైపింగ్ చక్కగా ఉంటుంది. అను ఫాంట్లతో పేజ్‌మేకర్ మీద బతికే డీటీపీవాళ్లకీ, ట్యాలీ తప్పనివాళ్లకీ, వాలరెంట్ ఆడేవాళ్లకీ మాత్రం అది కుదరని పని. యాక్టివేట్ చేయకుండా విండోస్ వాడేవాళ్లూ బోలెడు మంది. మూలన నీటిరాతలా ‘యాక్టివేట్ విండోస్’ అని ఉంటుంది, వాల్‌పేపర్ సెట్టింగ్స్ మూసుకుపోతాయి, మిగతాది నడుస్తుంది. ఒప్పందం దానికి ఒప్పుకోదు. అయినా తుక్కులోని కీ కొని ఎవరికో వందలు పోయడం కంటే, ఆ రాతని భరిస్తూ రీటైల్‌కి డబ్బు కూడబెట్టుకోవడమే నయమనిపిస్తుంది.

కంపెనీ లైసెన్సే చవకగా, సక్రమంగా కావాలంటే మిగిలింది ఒక దారి. ఆఫీసుల్లోంచి వచ్చిన రీఫర్బిష్డ్ డెల్ ఆప్టిప్లెక్స్ లాంటిదాన్ని మొత్తం మిషన్‌గా కొనడం. విండోస్ 8 తర్వాతి మిషనైతే కీ బోర్డులోనే ఉంటుంది. కొనేముందు విండోస్ 11కి కావాల్సిన టీపీఎం 2.0 (భద్రత కోసం బోర్డులో ఉండే ఏర్పాటు), మైక్రోసాఫ్ట్ జాబితాలోని ప్రాసెసర్ ఉన్నాయో లేదో చూసుకోవాలి, ఎందుకంటే విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఆ బోర్డుని ఊడదీసి సొంత క్యాబినెట్లో బిగించుకుందామనే ఉత్సాహవంతులూ ఉంటారు. 2013 నుంచి వచ్చిన చాలా ఆప్టిప్లెక్స్ బోర్డులకి కరెంటు కనెక్టరు 8 పిన్నులది; బజారులో దొరికే ఎస్‌ఎంపీఎస్‌ది 24. ముందు ఆ అడాప్టర్ కేబుల్ వెతుక్కోవాలి.